న్యాయస్థానమున మనోవ్యాధుల పేర్లు

మనోవ్యాధులకు చికిత్స చేయు వైద్యునకు ఆసుపత్రికంటె నెక్కువ భయము గొలుపు చోటొకటి కలదు. అది న్యాయస్థానములోని సాక్షి బోను. నేనా బోనులో ననేకపర్యాయములు నిలిచితిని. మొదటిసారి నిలిచినప్పుడు చేసిన పొరపాటును చెప్పి, దానినిబట్టి నేటి విషయమును శ్రోతలకు విన్నవింపవలెనని తలంచుచున్నాను.

ఇరువదియేండ్లకు పైమాట. ఒక జిల్లా సెషన్సు కోర్టులో హత్యానేరమునుగూర్చి విచారణ జరుగుచుండెను. ముద్దాయి యిరువదియారేండ్ల రైతుబిడ్డ. తెల్లవారుజామున బావివద్ద తన పినతండ్రిని గడ్డపారతో కొట్టి చంపినాడని యభియోగము. కొట్టినది నిజమే, చూచినవారు ముగ్గురుండిరి. ఆ సమయమున నతనికి మతి చెడియుండెనని అతని తరఫు వకీలుగారి వాదము. జైలునుండి అతనిని మా యాసుపత్రికి పంపగా మూడు వారములు పరీక్షించి, నేనొక నివేదిక వ్రాసితిని. "ముద్దాయి పారనాయిడ్ స్కిజోఫ్రీనియా యను వ్యాధిచే బాధపడుచున్నాడు, అంతర్జాతీయ వర్గీకరణములో దీని సంఖ్య ఎఫ్ 20.0" అని దాని సారాంశము. ఆ సంఖ్యను వ్రాసినందుకు నాకు కొంత గర్వముకూడ నుండెను.

బోనులోనికి పిలిచి ప్రమాణము చేయించిరి. నేను వ్రాసినదానినే చదివితిని. ప్రభుత్వపు వకీలు లేచి మిక్కిలి మర్యాదగా మూడు ప్రశ్నలు వేసెను. "డాక్టరుగారూ, ఈ వ్యాధి గలవారందరును తాము చేయు పని యేదో తెలియనివారేనా?" కాదంటిని. "మీవద్ద మందు పుచ్చుకొనుచు ఉద్యోగములు చేసికొనుచున్నవారును గలరా?" కలరంటిని. "అట్టివారు అబద్ధమాడగలరా? పగబట్టగలరా?" అందరివలెనే, అంటిని. ఆయన కూర్చుండెను. ముద్దాయి వకీలు నావైపు చూడలేదు. అప్పుడు జడ్జీగారు కలము క్రింద పెట్టి, "డాక్టరుగారూ, ఇతనికేమి జబ్బో చెప్పినారు. ఆ యుదయమున నితనికేమి తెలిసెనో చెప్పలేదు" అనిరి. ఉరియో యావజ్జీవమో పడదగిన కేసులో నేను చెప్పిన సాక్ష్యమంతయు ఒక పేరును ఒక సంఖ్యయును.

ఆ పేర్లును సంఖ్యలును ఎక్కడనుండి వచ్చినవో ముందు చెప్పవలెను. వ్యాధుల అంతర్జాతీయ పట్టికకు మూలము ఫ్రెంచి గణాంకశాస్త్రజ్ఞుడు జాక్ బెర్తియాఁ 1893లో సిద్ధపరచిన మరణకారణముల జాబితా. ఏ రోగముచే నెందరు చచ్చిరో దేశములన్నియు నొకే తీరున లెక్క వ్రాసికొనుటకు పుట్టినదది. అది పలుమార్లు సంస్కరింపబడి, 1948లో ప్రపంచ ఆరోగ్యసంస్థ చేతికి వచ్చిన యాఱవ కూర్పులో గాని మనోవ్యాధులకు ప్రత్యేకభాగము దొరకలేదు. పదియవ కూర్పును 1990లో ఆమోదించిరి. పదునొకండవది 2019లో ఆమోదము పొంది 2022 జనవరినుండి అమలులోనికి వచ్చినది. నేను గర్వముతో చదివిన "పారనాయిడ్" అను ఉపభేదము ఈ క్రొత్త కూర్పులో లేనే లేదు! అమెరికా మానసికవైద్యుల సంఘమువారికి వేరొక గ్రంథము కలదు. దాని మొదటి కూర్పు 1952లోను, ఐదవది 2013లోను వెలువడినవి. ఐదవదానికి సవరించిన పాఠము 2022లో వచ్చినది.

ఈ గ్రంథములు వ్యర్థములని నేను చెప్పుట లేదు. అవి లేనినాడు ఏమి జరిగెనో వినుడు. 1960 తరువాతి సంవత్సరములలో న్యూయార్కు వైద్యులను, లండను వైద్యులను పోల్చి చూచిన పరిశోధకులున్నారు. న్యూయార్కులో స్కిజోఫ్రీనియా యను పేరు లండనుకంటె మిక్కిలి యెక్కువగా పెట్టబడుచుండెను. రోగులు వేరుగాన పేర్లు వేరయ్యెనా యని శోధింపగా, తేడా చాలవఱకు వైద్యుల యలవాటులోనే యున్నదని తేలినది. ఒకే రోగితో జరిగిన సంభాషణను చలనచిత్రమువలె చూపినను ఇరువురును రెండు పేర్లు పెట్టిరి. సముద్రము దాటినంతమాత్రమున రోగము మారునా? అందుచేతనే 1980లో అమెరికా గ్రంథపు మూడవ కూర్పు, ఏ లక్షణములు, ఎన్ని, ఎంతకాలముండిన ఏ పేరు పెట్టవలెనో నియమములు వ్రాసినది. ఈ నియమములవలన ఒక వైద్యుడు చెప్పినదానిని వేరొక వైద్యుడు పరీక్షించి తప్పుపట్టుట సాధ్యమైనది. న్యాయస్థానమునకు ఇది చిన్న మేలు కాదు. సాక్షి బోనులో నిలిచినవాడు తన యిష్టము వచ్చిన పేరు చెప్పి "నా యనుభవమే ప్రమాణము" అని తప్పించుకొనుటకు వీలు తగ్గినది.

అయినను ఈ నియమములు వైద్యము కొఱకు వ్రాసినవి. ఒక యుదాహరణము చెప్పెదను. భ్రమలును, ఎవరును లేనిచోట మాటలు వినబడుటయు మొదలైన లక్షణములు ఒక మాసము నిలిచినచో అంతర్జాతీయ పట్టిక ప్రకారము స్కిజోఫ్రీనియా యనవచ్చును. అమెరికా గ్రంథము ప్రకారము వ్యాధిచిహ్నములు ఆఱు మాసములుండవలెను. అంతకు లోపల దానికి వేరొక పేరు. రోగము వచ్చిన మూడవ మాసమున నొకడు నేరము చేసెననుకొనుడు. ఒక పుస్తకము ననుసరించి అతనికి స్కిజోఫ్రీనియా కలదు. రెండవదాని ననుసరించి లేదు. అతని మనస్సు మాత్రము రెండు పుస్తకములకును ఒకటియే. ఇట్టి సందు దొరకినచో గడుసు వకీలు వైద్యుని అరపూట బోనులో నిలుపగలడు. ఆ అరపూటయు నేరమునుగూర్చి ఒక్క మాటయు రాదు.

ఇక న్యాయశాస్త్రము అడుగు ప్రశ్న యేది? 1843లో లండను నగరమున మెక్‌నాటన్ అనువాడు ప్రధానమంత్రి పీలుగారి కార్యదర్శియైన డ్రమ్మండును తుపాకితో కాల్చి చంపెను. మతిచెడినవాడని తీర్పరులు అతనిని నిర్దోషిగా విడిచిరి. దేశమంతయు గగ్గోలుపడినది. అప్పుడు ప్రభువుల సభవారు న్యాయమూర్తులను ప్రశ్నించి రాబట్టిన సమాధానములే మెక్‌నాటన్ నియమములని పేరొందినవి. మన 1860 నాటి శిక్షాస్మృతిలోని 84వ సెక్షను ఆ త్రోవనే నడచినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షనుగా అదియే నిలిచియున్నది. పని చేయు సమయమున, చిత్తస్వస్థత లేమిచేత, తాను చేయుచున్న పని యెట్టిదో, అది తప్పో లేక చట్టవిరుద్ధమో తెలిసికొనజాలనివాడు చేసిన పని నేరము కాదు. ఇందులో ఏ వ్యాధి పేరును లేదు. "చేయు సమయమున" అను మాట కలదు; "తెలిసికొనజాలనివాడు" అను మాట కలదు. నేను బోనులో చదివిన నివేదికలో ఈ రెండింటికిని సమాధానము లేకపోయెను.

ఇంకొక విశేషము. నిపుణుల సాక్ష్యమునుగూర్చిన 1872 నాటి సాక్ష్యచట్టములో 45వ సెక్షను క్రింద ఒక దృష్టాంతము వ్రాసియున్నది. దానినే 2023 నాటి సాక్ష్య అధినియమములో 39వ సెక్షను క్రింద నిలుపుకొన్నారు. ఒకనికి మతి స్థిరముగా లేదా యను వివాదము వచ్చినప్పుడు, అతనియందు కనబడిన లక్షణములు సాధారణముగా మతిస్థిరత లేమిని చూపునా, అట్టి స్థితి సాధారణముగా మనుష్యుని తన పని యెఱుగనివానిగా చేయునా, యని నిపుణుని అడుగవచ్చునని దాని భావము. లక్షణములను, శక్తిని అడిగినారు గాని నామకరణమును అడుగలేదు. నూటయేబది యేండ్లుగా మా వైద్యుల యెదుట నున్న ఈ నాలుగు పంక్తులను మాలో నెందఱు చదివిరో నాకు సందేహమే. నేనైతే ఆ రోజువఱకు చదువలేదు.

పేరునే ప్రధానము చేసికొనిన న్యాయస్థానమునకు ఏమి సంభవించునో తెలిపిన కథ అమెరికా రాజధాని వాషింగ్టనులో నడచినది. 1954లో అక్కడి అప్పీలు కోర్టు మెక్‌నాటన్ నియమములు ఇరుకైనవని తలచి, ముద్దాయి చేసిన పని మానసికవ్యాధి ఫలితమైనచో శిక్ష లేదని తీర్మానించెను. వైద్యులకు స్వేచ్ఛ నియ్యవలెనను మంచి యుద్దేశముతోనే అట్లు చేసిరి. దానితో కేసు గెలుచుటయు నోడుటయు ఏది వ్యాధి, ఏది కాదు అను జాబితాపై నాధారపడినది. సెయింట్ ఎలిజబెత్స్ అను ప్రభుత్వపు మానసికవైద్యశాలనుండియే సాక్షులు ఎక్కువగా వచ్చుచుండిరి. సంఘమర్యాదలను లెక్కచేయక నేరములు చేయుచుండు స్వభావమును ఆ వైద్యశాలవారు వ్యాధిగా నెంచకుండిరి. 1957లో ఒక శుక్రవారమునాడు అచటి వైద్యుడొకడు, ఇట్టి స్వభావము మానసికవ్యాధి కాదని సాక్ష్యము చెప్పెను. శని యాదివారములు గడచినవి. సోమవారమునాడు, ఇకమీదట దానిని వ్యాధిగానే పరిగణింతుమని వైద్యశాల తీర్మానించినట్లు కోర్టుకు తెలియవచ్చినది. ముద్దాయి జైలులోనే యుండెను. అతని మనస్సులో నేమియు మారలేదు. మారినది జాబితా.

ఆ కోర్టువారు తమ పొరపాటును తామే క్రమముగా సవరించుకొనిరి. 1962లో, వైద్యులు చికిత్సకొఱకు దేనిని వ్యాధియనినను అది న్యాయస్థానమును బంధింపదనిరి. 1967లో, వైద్యులు పేర్లు చదువుట మాని, ముద్దాయి యేమి తలచెనో, ఏమి చేసెనో, ఎందుచేత నట్లనుకొనుచున్నారో జనులకు తెలియు మాటలలో చెప్పవలెనని, సాక్షులైన వైద్యులకు ఈయదగిన సూచనను తీర్పుతోపాటు జతచేసిరి. 1972లో ఆ 1954 నాటి నియమమునే విడిచిపెట్టిరి. అమెరికా మానసికవైద్యుల గ్రంథముకూడ, చట్టమునకు కావలసిన విషయమునకును వైద్యుని రోగనిర్ణయమునకును సరిగా అతుకదనియు, ఈ పేర్లను కోర్టులలో జాగ్రత్తతో వాడవలెననియు తన పుటలలోనే హెచ్చరిక ముద్రించుకొన్నది. కోర్టుకు ఆ గ్రంథమును చేతబట్టుకొని వచ్చువారు సాధారణముగా ఆ పుటను విప్పరు.

ఇంతవఱకు పేరు ముద్దాయిని కాపాడుటకు చాలదని చెప్పితిని. పేరు మరియొకరిని నాశనము చేయుటకు చాలిపోవుచుండుట నాకు మరింత బాధ కలిగించును. వివాహపు దావాలలో నేను దీనిని చూచుచుందును. భార్యకు ఎన్నడో పది దినములు నిద్రపట్టక, ఏదో భయపడి, వైద్యుని వద్దకు పోగా ఆయన చీటిమీద ఒక పేరు వ్రాసియుండును. ఆ చీటిని బీరువాలో దాచి, అయిదేండ్ల తరువాత విడాకుల దావాలో దాఖలు చేయుదురు. 1955 నాటి హిందూ వివాహచట్టములో, 1976 సవరణ తరువాత, స్కిజోఫ్రీనియా యను పేరు స్పష్టముగానే యున్నది. కాని ఆ సెక్షను అంతటితో నాగలేదు. వ్యాధి ఎట్టిది, ఎంతటిది, దానితో కాపురము చేయుమని రెండవవారిని అడుగుట న్యాయమేనా, యని అడిగినది. 1988లో సుప్రీంకోర్టు ఈ "ఎంతటిది" అను మాటమీద దృష్టి నిలిపి, ఒకరికి స్కిజోఫ్రీనియా యని ముద్రవేసినంత మాత్రమున చాలదనెను.

2013లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి వెళ్లిన యొక అప్పీలులో సుప్రీంకోర్టు ఆ మాటనే నిలిపినది. భార్యకు స్కిజోఫ్రీనియా యని భర్త విడాకులు కోరెను. ఆమెయో స్వయముగా వైద్యురాలు. పైచదువు పూర్తిచేసి, ప్రభుత్వ వైద్యురాలుగా పనిచేయుచుండెను. అంత తీవ్రమైన వ్యాధియే యున్నచో ఆ యుద్యోగము నడచునా యని న్యాయమూర్తులు ప్రశ్నించి, విడాకులు నిరాకరించిరి. గ్రంథములోని లక్షణముల జాబితాకంటె ఆమె దినచర్యయే ఆమెనుగూర్చి ఎక్కువ చెప్పినది.

వీలునామా విషయమును రెండు మాటలలో చెప్పెదను. 1870లో ఇంగ్లండులో తీర్పు వచ్చిన బ్యాంక్స్ అనువాని కేసు ప్రసిద్ధము. ఏనాడో చనిపోయిన యొకడు తనను వెంటాడుచున్నాడని ఆయన నమ్ముచుండెను. కొంతకాలము మానసిక వైద్యశాలలో కూడ నుండెను. అయినను తన యాస్తి యేదో, దానిపై ఎవరికి న్యాయమైన యాశ గలదో తెలిసి, ఆ భ్రమ వీలునామాను తాకలేదు గనుక, అది చెల్లునని తీర్పు చెప్పిరి. మన 1925 నాటి వారసత్వచట్టముకూడ, సాధారణముగా మతిలేనివాడైనను మతి కుదిరిన వేళలో వీలునామా వ్రాయవచ్చునని యంగీకరించినది. చూడుడు! ఒకే మనుష్యుడు, ఒకే రోగము. నేరములో ఆ క్షణము, వివాహములో వ్యాధి తీవ్రత, వీలునామాలో సంతకము చేసిన వేళ, విచారణకు తగియున్నాడా యని అడిగినప్పుడు నేటి స్థితి. నాలుగు ప్రశ్నలకును ఒకే చీటి సమాధానము కానేరదు.

2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణచట్టము ఈ రెండు వైపులను చూచినది. మనోవ్యాధి కలదా లేదా యని నిర్ణయించుటకు ప్రపంచ ఆరోగ్యసంస్థ పట్టికవంటి అంగీకృత ప్రమాణములనే వాడవలెనని ఆదేశించినది. అనగా వైద్యుని స్వంత యూహలకు తావు లేదు. కులము, మతము, రాజకీయము, తన సంఘపు నీతిమర్యాదలకు లొంగకుండుట, ఇవి వ్యాధికి ఆధారములు కావనినది. పూర్వమొకప్పుడు ఆసుపత్రిలో నుండుట యొక్కటియే ఇప్పుడు వ్యాధి యున్నదనుటకు చాలదనినది. అన్నిటికంటె ముఖ్యముగా, మనోవ్యాధి కలదని తేలినంతమాత్రమున ఆ మనుష్యుడు మతిలేనివాడని యర్థము కాదనియు, దానిని న్యాయస్థానమే ప్రకటింపవలెననియు స్పష్టముగా వ్రాసినది. ఇంటిలో రోగి యుండి, వైద్యుని చీటి యెవరి చేతనైన పడునేమోయని మందులే మానివేయుచున్నవారు నాకు తెలియుదురు. వారు ఈ వాక్యమును వినవలెనని నా కోరిక.

మరి ఇప్పుడు నేను నివేదిక వ్రాయు పద్ధతి యేమందురా? వ్యాధి పేరు అందులో నుండును. కాని చివఱి పుటలో నుండును. మొదట, నేరము జరిగిన యెన్ని దినములకు నేను రోగిని చూచితినో వ్రాయుదును. నేను ఫిబ్రవరిలో చూచి డిసెంబరు నాటి మనస్సును చెప్పుచున్నచో ఆ సంగతి జడ్జీగారికి తెలియవలెను గదా. పిదప, నేరమునకు ముందటి దినములలో అతడెట్లుండెనో చెప్పినవారెవరు, వారికి అతనిని రక్షింపవలెనని గాని, శిక్షింపింపవలెనని గాని యే కారణమైన కలదా. మందులు ఏ తేదీన మానెను, దానికి కాగితపు ఆధార మేది. పని చేసిన తరువాత పాఱిపోయెనా, దాగెనా, ఆయుధమును కడిగెనా. జైలులో చేరిన మొదటి దినమున అక్కడి వైద్యుడేమి వ్రాసెను. నాకు తెలియనిదానిని తెలియదని వ్రాయుదును. ఇది మొదట కష్టముగానే యుండెను. తెలియదను మాట నా సంతకము పైన కనబడుట నాకు నచ్చలేదు.

ఆ రైతుబిడ్డ సంగతి చెప్పి ముగించెదను. జడ్జీగారు నన్ను రెండవమారు పిలిపించిరి. ఈమారు నేను ఆసుపత్రి దినచర్య పుస్తకమును తీసికొని పోతిని. అందులో మా నర్సులు వ్రాసికొన్న మాటలు కొన్ని యుండెను. బావివద్ద నిలిచినది తన పినతండ్రి కాదనియు, ఆయన రూపము తొడిగికొని వచ్చిన మరియొకటి యనియు అతడు చేరిన మొదటిరాత్రియే వారితో చెప్పియుండెను. "చిన్నాయన ఇంకా రాలేదేమి?" అని రోజును అడుగుచుండెను. నేనీ మాటలు చదివి, ఇట్టి భ్రమలో నున్నవాడు తాను మనుష్యుని చంపుచున్నానని యెఱుగకుండుట సంభవమేనని చెప్పి, నేనతనిని నేరము జరిగిన నలువది దినములకు చూచితినని కూడ చెప్పితిని. ప్రభుత్వపు వకీలు, ఈ భ్రమ జైలులో పుట్టినది కాదని యెట్లు చెప్పగలరని యడిగెను. నేనొక్కడను చెప్పలేనంటిని.

అతని తల్లి చెప్పగలిగినది. చనిపోయినవాడు ఆమెకు మఱది. ఇరువైపుల నష్టపోయినది ఆమెయే. మూడు దినములుగా కొడుకు చిన్నాయన చేతి నీళ్లు ముట్టలేదనియు, "ఈయన ఎవరమ్మా?" యని తన్నడిగెననియు, పని జరిగిన తరువాత గడ్డపార చేతనే పట్టుకొని యింటికి వచ్చి, చిన్నాయనను అన్నమునకు పిలువుమనెననియు చెప్పెను. ఊరి మందుల దుకాణమువాడు, ఆ కుటుంబము మందులు కొని రెండు మాసములైనదని లెక్కపుస్తకము చూపెను. 1964లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారము, మతిచెడినదని పూర్తిగా ఋజువు చేయలేకపోయినను, నేరము చేయవలెనను బుద్ధి ముద్దాయికి కలదాయని సహేతుకమైన సందేహము కలిగినచో ఆ సందేహఫలము అతనికే చెందును. జడ్జీగారు అతనిని నిర్దోషియని నిర్ణయించి, చట్టప్రకారము విడిచిపెట్టక, చికిత్సకై భద్రమైన కాపుదలలో నుంచవలెనని మా యాసుపత్రికే పంపిరి. తీర్పులో తల్లి మాటలకు రెండు పుటలును, నర్సుల పుస్తకమునకు ఒక పుటయును దక్కెను. ఎఫ్ 20.0 ఒక్క పంక్తిలో నున్నది. అతడు మావద్ద ఆఱేండ్లుండెను. పిదప తల్లి పూచీమీద నింటికి పోయెను. మందులకై నెలనెలయు ఆమెయే వెంటబెట్టుకొని వచ్చుచుండెడిది.